శబ్ద నియంత్రణ ఇంజినీరింగ్‌ని దూరవిద్యలో చదవొచ్చా?

ప్రశ్న: మేడమ్, నేను మెకానికల్ ఇంజినీరింగ్ చదివి ఒక ప్లాంట్‌లో మెయింటెనెన్స్ చూస్తున్నాను. మా కంప్రెసర్ గది మోత భరించలేకపోతున్నామని పక్కనున్న ఆఫీసు వాళ్లు గొడవ చేస్తే, బయటి కాంట్రాక్టర్‌ని పిలిచి గది లోపలి గోడలన్నిటికీ ఫోమ్ అతికించారు. లోపల కాస్త తేడా తెలుస్తోంది. ఆఫీసులో మాత్రం ఎప్పటిలాగే ఉంది. ఎందుకని అడిగితే ‘ఇంతకంటే తగ్గదండీ’ అనేసి వెళ్లిపోయారు. అప్పటి నుంచి ఈ సబ్జెక్టు మీదికి మనసు పోతోంది. ఉద్యోగం మానలేను. నాయిస్ కంట్రోల్ ఇంజినీరింగ్‌ని దూరవిద్యలో చదివితే నిజంగా పని వస్తుందా, లేక సర్టిఫికెట్ ఒక్కటే మిగులుతుందా?

జవాబు: పని వస్తుంది. నేను కూడా ప్లాంట్ ఉద్యోగం చేసుకుంటూనే దూరవిద్యలో ఈ చదువు పూర్తి చేశాను. ఇప్పుడు అదే పద్ధతిలో చదివేవాళ్ల రిపోర్టులు దిద్దుతుంటాను. అయితే పని ఎంత వస్తుందనేది మీరు చేరే కోర్సులో కొలతలు ఎంత చేయిస్తారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. దాని గురించి తర్వాత చెబుతాను. ముందు మీ ఫోమ్ సంగతి చూద్దాం. ఈ చదువు ఏం నేర్పుతుందో అక్కడే తెలిసిపోతుంది.

ఫోమ్, రాక్‌వూల్ లాంటివి తమ మీద పడ్డ శబ్దంలో కొంత మింగేస్తాయి. అంటే గోడకి తగిలి మళ్లీ గదిలోకే తిరిగొచ్చే మోత తగ్గుతుంది. లోపల మీకు తేడా తెలిసింది అందుకే. గోడ దాటి అవతలికి వెళ్లే శబ్దాన్ని ఆపడం వేరే పని. దానికి బరువు కావాలి. ఒకే పొరగా ఉన్న గోడ బరువుని రెట్టింపు చేస్తే, సిద్ధాంతం ప్రకారం అవతలికి దాటేది సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ఫోమ్‌కి బరువెక్కడిది? లోపల తగ్గిన ఆ కాస్తే బయట కూడా తగ్గుతుంది, అదీ ఎక్కువగా పై ఫ్రీక్వెన్సీల్లో. కంప్రెసర్ నుంచి వచ్చే గుబగుబ కింది ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది. పలచటి ఫోమ్ దాన్ని దాదాపు ఏమీ చేయలేదు.

ఇంకొకటి, సందులు. మీ గోడ 40 డెసిబెల్స్ ఆపగలదనుకుందాం. ఆ గోడ వైశాల్యంలో నూటికి ఒక వంతు ఖాళీ ఉంటే, మొత్తం గోడ ఆపేది 20కి పడిపోతుంది. పైపు చుట్టూ వదిలిన సందు, తలుపు కింద జాగా, గాలి కోసం పెట్టిన లూవర్, ఇవన్నీ కలిపితే నూటికి ఒక వంతు కావడం పెద్ద పని కాదు. మీ గదికి లూవర్ ఉండే ఉంటుంది, ఎందుకంటే కంప్రెసర్‌కి గాలి కావాలి. అది ఆఫీసు వైపే తెరుచుకుని ఉంటే, గోడకి ఎన్ని పొరలు అతికించినా ఆ దారి ఆ దారే. అక్కడ కావలసింది ఫోమ్ కాదు. గాలిని పోనిచ్చి శబ్దాన్ని ఆపే సైలెన్సర్ పెట్టాలి.

మూడోది చాలామంది చూడనే చూడరు. కంప్రెసర్ నుంచి వెళ్లే పైపుని ఉమ్మడి గోడకి బిగించి క్లాంప్ వేశారా? వేసుంటే కంపనం పైపు గుండా గోడలోకి ఎక్కుతుంది, గోడే ఆఫీసు వైపు మోగుతుంది. గాలి గుండా వచ్చే శబ్దం ఒకటి, కట్టడం గుండా వచ్చేది ఇంకొకటి. రెండింటికీ మందులు వేరు. రేపు డ్యూటీకి వెళ్లినప్పుడు ఆఫీసు వైపు నుంచి ఆ గోడ మీద అరచెయ్యి ఆనించి చూడండి. కంప్రెసర్ లోడ్ మీద ఉన్నప్పుడు, అన్‌లోడ్ అయినప్పుడు చేతికి తేడా తెలిస్తే, మీ అనుమానం మొదట క్లాంపుల మీద పెట్టుకోవచ్చు. సరిగ్గా తేల్చడానికి యాక్సెలరోమీటర్, అంటే కంపనాన్ని కొలిచే పరికరం కావాలి. ఎక్కడ వెతకాలో చెప్పడానికి మాత్రం చెయ్యి చాలు.

మూలం, దారి, వినేవాళ్లు: ఈ వరసలో ఆలోచించడమే ఈ ఇంజినీరింగ్. మీ కాంట్రాక్టర్ దారిలో ఒక్క ముక్కని మాత్రమే, అదీ కొలవకుండా పట్టుకున్నారు. ‘ఇంతకంటే తగ్గదు’ అనే మాట కొలిచినవాళ్లే అనాలి.

ఇప్పుడు కోర్సుల విషయం. మీ దగ్గర ఇంజినీరింగ్ డిగ్రీ ఉంది కాబట్టి మాస్టర్స్ దాకా దారి తెరిచే ఉంది. అమెరికాలోని పెన్ స్టేట్ యూనివర్సిటీ అకూస్టిక్స్‌లో (శబ్దశాస్త్రంలో) మాస్టర్ ఆఫ్ ఇంజినీరింగ్‌ని ఆన్‌లైన్‌లో ఇస్తోంది. 30 క్రెడిట్లు. సిద్ధాంతం బాగా లోతుగా ఉంటుంది, పరిశోధన వైపు వెళ్లాలన్నా పునాది పడుతుంది. ఉద్యోగానికి దగ్గరగా ఉండేది కావాలంటే బ్రిటన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అకూస్టిక్స్ వాళ్ల డిప్లొమా ఇన్ అకూస్టిక్స్ అండ్ నాయిస్ కంట్రోల్ చూడండి. దాన్ని దూరవిద్యలో, ట్యూటర్ సాయంతో చదవొచ్చు. శబ్దశాస్త్ర మూలసూత్రాలు ఒక మాడ్యూల్, ప్రయోగశాల పని విడిగా ఇంకో మాడ్యూల్, ఆ పైన మీరు ఎంచుకునే ప్రత్యేక విషయాలు, చివర ఒక ప్రాజెక్టు. మీరైతే ప్రత్యేక విషయాల్లో శబ్ద, కంపన నియంత్రణ తప్పకుండా తీసుకోండి. ఇదే సంస్థ పర్యావరణ శబ్దం కొలతకి, పనిచేసే చోట శబ్దంతో వచ్చే ప్రమాదం అంచనాకి చిన్న సర్టిఫికెట్ కోర్సులు కూడా నడుపుతుంది. కొలత పని మాత్రమే చేయాలనుకునేవాళ్లకి అవి చాలు. మీ ఉత్తరం చదివితే మీరు అక్కడ ఆగే మనిషిలా లేరు.

అమెరికాలో 1971లో మొదలైన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ నాయిస్ కంట్రోల్ ఇంజినీరింగ్ అని ఒకటుంది. పాఠాలు పూర్తయి, కొంత అనుభవం వచ్చాక వాళ్ల బోర్డ్ సర్టిఫికేషన్ గురించి ఆలోచించవచ్చు. దాని తొందర ఇప్పుడు లేదు.

ఉచిత వీడియో పాఠాలు కూడా చాలానే దొరుకుతాయి. కోర్సుకి డబ్బు కట్టే ముందు వాటిలో కొన్ని చూడండి. తరంగ సమీకరణం దాకా వచ్చాక కూడా ఇంకా చూడాలనిపిస్తే చేరండి. అయితే వీడియోలతోనే ఆగిపోవద్దని నా గట్టి మాట. మీరు చేసిన లెక్కని ఎవరో ఒకరు ఎర్ర సిరాతో దిద్దాలి. అది లేని చదువుతో ఈ రంగంలో ధైర్యం రాదు.

ప్రాస్పెక్టస్ తెప్పించుకున్నాక నేనైతే సిలబస్ కంటే ముందు ప్రయోగశాల గురించి ఏం రాశారో చూస్తాను. దూరవిద్యలో సిద్ధాంతం బాగా వస్తుంది. ఒక్కోసారి తరగతి గదిలో కంటే బాగా వస్తుంది, ఎందుకంటే అర్థంకాని చోట పాఠాన్ని ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ వినొచ్చు. స్టాండర్డ్స్ చదవడం, లెక్కలు, సాఫ్ట్‌వేర్ మోడలింగ్ కూడా ఇంటి నుంచే వచ్చేస్తాయి. రానిది కొలత. అందుకే ప్రయోగశాలకి స్వయంగా రమ్మంటారా, ఎన్నాళ్లు ఉండాలి, ఏ పరికరాలు చేతికిస్తారు, ప్రాజెక్టుని మీ ప్లాంట్‌లోనే చేయనిస్తారా అని రాసి అడగండి. ప్రయోగాల వీడియోలు చూపిస్తాం, అది చాలు అని జవాబు వస్తే ఇంకో కోర్సు వెతుక్కోండి. పాఠాలు రికార్డు చేసినవా, ప్రత్యక్షంగా వినాల్సినవా అని కూడా అడగండి. షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకి అది చిన్న విషయం కాదు. వేరే దేశపు కోర్సైతే పరీక్ష ఎక్కడ రాయాలో కూడా ముందే తేల్చుకోవాలి.

మీకున్న గొప్ప వసతి ఏమిటంటే, రోజంతా యంత్రాల మధ్యే ఉంటారు. క్యాంపస్‌లో చదివేవాళ్లకి ఆ అదృష్టం ఉండదు. మీ సేఫ్టీ విభాగంలో సౌండ్ లెవెల్ మీటర్ ఉందేమో కనుక్కోండి. మీటర్లలో క్లాస్ 1, క్లాస్ 2 అని రెండు తరగతులు, ఐఈసీ 61672 స్టాండర్డ్ ప్రకారం. నేర్చుకోవడానికి క్లాస్ 2 చాలు. దాంతోపాటు క్యాలిబ్రేటర్ కూడా అడిగి తీసుకోండి. అది మైక్రోఫోన్ మూతికి తొడిగే చిన్న డబ్బా, సాధారణంగా 1000 హెర్ట్జ్ దగ్గర 94 డెసిబెల్స్ ఇస్తుంది. కొలత మొదలెట్టే ముందు ఒకసారి, ముగించాక ఒకసారి తొడిగి ఆ రెండు అంకెలూ నోట్‌బుక్‌లో రాయాలి. రిపోర్టు దిద్దేటప్పుడు నేను మొట్టమొదట వెతికేది ఆ రెండు అంకెల్నే. తర్వాత చూసేది మైక్రోఫోన్ ఎక్కడ పెట్టారో చూపించే బొమ్మ. యంత్రానికి ఎంత దూరం, నేల నుంచి ఎంత ఎత్తు, దగ్గర్లో గోడ ఉందా అన్నవి చెప్పకపోతే ‘92 డెసిబెల్స్’ అన్న మాటకి అర్థం ఉండదు.

యంత్రం ఆపించి బ్యాక్‌గ్రౌండ్ కూడా కొలవండి. యంత్రం నడిచేటప్పుడు వచ్చిన అంకె కంటే అది కనీసం 10 డెసిబెల్స్ తక్కువగా ఉంటే పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. తేడా 3 మాత్రమే వచ్చిందంటే, మీ యంత్రమూ చుట్టూ ఉన్న హోరూ సరిసమానంగా మోగుతున్నాయని అర్థం. అలాంటి కొలతతో ఏ తీర్మానమూ చేయకూడదు.

కంప్రెసర్ కంటే ముందు ఏదైనా ఫ్యాన్ దగ్గర మొదలుపెట్టండి, అది సులువు. 8 రెక్కల ఫ్యాన్ నిమిషానికి 1500 చుట్లు తిరుగుతోందనుకోండి. సెకనుకి 25 చుట్లు, 8 రెక్కలు, అంటే 200 హెర్ట్జ్. మీటర్‌కి స్పెక్ట్రమ్, అంటే ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శబ్దం ఉందో చూపే సదుపాయం ఉంటే 200 దగ్గర ముల్లులా ఒక గీత లేస్తుంది, 400 దగ్గర, 600 దగ్గర చిన్నవి కనిపిస్తాయి. మీరు కాగితం మీద వేసిన లెక్క తెర మీద అలా నిలబడితే కలిగే సంతోషం వేరు. ఆ ఫ్యాన్‌కి వేగం మార్చే డ్రైవ్ ఉంటే వేగం నూటికి 20 తగ్గించి మళ్లీ కొలవండి. ఫ్యాన్ శబ్ద శక్తి సుమారుగా వేగపు ఐదో ఘాతంతో మారుతుంది కాబట్టి దాదాపు 5 డెసిబెల్స్ తగ్గాలి. గాలి నూటికి 20 తగ్గుతుంది, ఫ్యాన్ తీసుకునే శక్తి మాత్రం దాదాపు సగానికి వస్తుంది. మేనేజ్‌మెంట్‌కి చూపించాల్సింది ఈ రెండో అంకె. శబ్దం గురించి వినని వాళ్లు కూడా కరెంటు గురించి వింటారు.

కొలతలు తీసేముందు పైవాళ్ల అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. ప్లాంట్ డ్రాయింగులు, అంకెలు అసైన్‌మెంట్‌లో పెట్టొచ్చో లేదో అందులోనే తేలిపోవాలి. ప్రాజెక్టు సగంలో ఉండగా ఈ అభ్యంతరం వచ్చి టెన్షన్ పడ్డ విద్యార్థుల్ని చూశాను.

ఫోన్ యాప్ సరిపోదా అని చాలామంది అడుగుతుంటారు. ఇక్కడి కంటే అక్కడ ఎక్కువ అని పోల్చుకోవడానికి పనికొస్తుంది. ఫోన్ మైక్ మాట కోసం చేసింది. పెద్ద మోత వస్తే తరంగం అంచులు కోసేస్తుంది, కింది ఫ్రీక్వెన్సీల్లో నమ్మకం తక్కువ. రిపోర్టులో ఆ అంకె రాయకండి.

ప్రశ్న: నేను డిగ్రీ చేసి చాలా ఏళ్లయింది. లెక్కలు దాదాపు మర్చిపోయాను. డెసిబెల్స్ కూడటమే అర్థం కావట్లేదు. 80, 80 కలిపితే 83 ఏమిటి? ఈ లెక్కల భయంతో కోర్సులో చేరాలంటే వెనకాడుతున్నాను.

జవాబు: డెసిబెల్ లాగరిథమ్. 80 డెసిబెల్స్ యంత్రాలు రెండు ఉంటే రెట్టింపయ్యేది శక్తి. రెండుకి లాగరిథమ్ సుమారు 0.3, దాన్ని 10తో గుణిస్తే 3. అందుకే 83. ఇది పట్టుబడితే పని చేసేచోట ఏం చేయకూడదో కూడా తెలిసిపోతుంది. ఒకేలాంటి కంప్రెసర్లు నాలుగున్న గదిలో ఒకటి ఆపితే తగ్గేది ఒకటింబావు డెసిబెల్, అంటే ఎవరి చెవికీ ఆనదు. రెండు ఆపినా 3 మాత్రమే. 90 యంత్రం పక్కన 80 యంత్రం ఉంటే మొత్తం 90.4. అక్కడ ఆ 80ని తీసి బయట పారేసినా తేడా తెలియదు, ముందు 90 మీదే పని చేయాలి. డబ్బు ఎక్కడ పెట్టాలో చెప్పే లెక్క ఇది.

చేరేముందు లాగరిథమ్‌లు, సంకీర్ణ సంఖ్యలు, సైన్ కొసైన్‌లు, మామూలు అవకలన సమీకరణాలు దుమ్ము దులుపుకోండి. ఫురియర్ విశ్లేషణ కోర్సులోనే నేర్పుతారు. రోజూ కాస్త కాస్త చేతితో రాస్తూ చేయండి, వీడియో చూస్తే వచ్చేది కాదు. డిప్లొమా స్థాయికి ఇది సరిపోతుంది. మాస్టర్స్‌కి పాక్షిక అవకలన సమీకరణాలు కూడా కావాలి.

లెక్కలతోపాటు ఇంకొకటి ముందే తెలిసి ఉండాలి. చాలా రిపోర్టుల్లో కనిపించే డీబీఏ అన్న అంకె చెవి తీరుకి తగ్గట్టు సవరించింది. ఆ సవరణలో 63 హెర్ట్జ్ దగ్గర సుమారు 26 డెసిబెల్స్ తీసేస్తారు, 125 దగ్గర 16. రాత్రిపూట గుయ్‌మనే శబ్దంతో నిద్ర పట్టట్లేదని ఒకరు మొత్తుకుంటుంటే, డీబీఏ అంకె చూపించి ‘పరిమితిలోనే ఉంది’ అనడం నేను చాలాసార్లు విన్నాను. ఆ మనిషి చెప్పేది నిజమే కావచ్చు. ఆక్టేవ్ బ్యాండ్లు, అంటే ఫ్రీక్వెన్సీల వారీగా విడగొట్టిన ముక్కలు, విడివిడిగా చూడకుండా అవునని గానీ కాదని గానీ అనకండి.

పరికరాలు లేవని కూడా ఆగిపోకండి. 1895లో వాలెస్ సబీన్ అనే యువ భౌతికశాస్త్ర అధ్యాపకుడికి హార్వర్డ్‌లో ఒక లెక్చర్ హాల్‌ని బాగుచేయమని పని అప్పగించారు. అందులో ఒక మాట అంటే అది ఐదు సెకన్లకు పైగా ప్రతిధ్వనిస్తూ ఉండేది, తర్వాతి మాట అందులో మునిగిపోయేది. ఆయన దగ్గరున్నవి ఒక ఆర్గన్ గొట్టం, ఒక స్టాప్‌వాచ్, తన చెవి. ఇంకో హాల్లోని సీట్ల మెత్తలు రాత్రుళ్లు తెప్పించి, పరిచి, శబ్దం ఎంతసేపటికి అణిగిపోతుందో కొలిచేవాడు, తెల్లారేలోపు మళ్లీ వెనక్కి పంపేవాడు. గది ఘనపరిమాణానికీ, మింగే వస్తువుల మొత్తానికీ, ప్రతిధ్వని కాలానికీ ఉన్న సంబంధం అలా దొరికింది. మీటర్లలో లెక్కేస్తే 0.161ని ఘనపరిమాణంతో గుణించి, ఆ మింగే మొత్తంతో (శోషణతో) భాగించడమే. ఇప్పటికీ ప్రతి కోర్సులో మొదటి నెలల్లో వచ్చే సూత్రం అదే. ఖాళీ గదిలో చప్పట్లు కొట్టి, తర్వాత పరుపులు, దుప్పట్లు తెచ్చి పెట్టి, మళ్లీ కొట్టి, ఫోన్‌లో రికార్డు చేసి రెండూ పోల్చి చూడండి. ఖర్చు లేని మంచి ప్రయోగం అది.

ప్రశ్న: ఎన్నో ఏళ్లు మోత మధ్య పనిచేయడం వల్ల నాకు వినికిడి దెబ్బతింది, ఒక చెవిలో ఎప్పుడూ గీ అంటూ ఉంటుంది. ఇంకొకరికి ఇలా కాకూడదనే ఈ చదువు చదవాలనుంది. చెవే సరిగా లేనివాడు శబ్దం మీద ఇంజినీరింగ్ చేయగలడా?

జవాబు: చేయగలరు. మీ కారణం చదివాక మీరు చేయాలనే నా కోరిక కూడా. కొలిచేది మైక్రోఫోన్, తేల్చేది స్పెక్ట్రమ్. కింది ఫ్రీక్వెన్సీల సమస్యల్లో మంచి చెవి ఉన్నవాళ్లు కూడా చెవిని నమ్మరు. మీకు కష్టమయ్యేది ఒక చోట ఉంది: సన్నటి ఈల లాంటి లీకు ఎటునుంచి వస్తోందో నడుస్తూ చెవితో పట్టుకోవడం. దానికి శబ్దం వచ్చే దిక్కుని తెర మీద రంగుల్లో చూపించే అకూస్టిక్ కెమెరాలు ఉన్నాయి. అవి లేని చోట వినగలిగిన మనిషిని తోడు తీసుకెళ్లండి.

మీ ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష గ్రాఫ్, తెచ్చుకుని దగ్గర పెట్టుకోండి. మోత వల్ల వచ్చే నష్టం సాధారణంగా 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల ఒక గుంటలా మొదలవుతుంది. పాఠంలో ఆ గ్రాఫ్ వచ్చిన రోజు మీకు తక్కినవాళ్ల కంటే ఎక్కువ అర్థమవుతుంది. అమెరికాలో పనివాళ్ల భద్రత, ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ సిఫార్సు 8 గంటలకి 85 డీబీఏ. ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఉండదగ్గ సమయం సగమవుతుంది: 88 దగ్గర 4 గంటలు, 94 దగ్గర ఒక్క గంట. అవి దాటిన చోట కొలతకి వెళ్లేటప్పుడు ప్లగ్గులు, వాటి పైన మఫ్‌లు రెండూ పెట్టుకోండి. మీకు మిగిలిన వినికిడిని కాపాడుకోవడం చదువు కంటే ముందు.

చేరే ముందు కోర్సు ఆఫీసుకి రాసి, రికార్డు చేసిన పాఠాలకి సబ్‌టైటిల్స్ ఉన్నాయా, ప్రయోగశాలలో సూచనలు రాసిచ్చే ఏర్పాటు ఉందా అని అడగండి. సబ్‌టైటిల్స్ ఉన్నాయంటే ఒక పాఠం నమూనాగా పంపమనండి. యంత్రం తనంతట తాను రాసిన సబ్‌టైటిల్స్‌లో సాంకేతిక పదాలు తరచూ తప్పులు పోతుంటాయి. చేరాక ట్యూటర్‌కి మొదటి వారంలోనే మీ విషయం చెప్పండి. ఆన్‌లైన్ క్లాసుల్లో సందేహం వస్తే నోటితో అడగాలని పట్టుబట్టకుండా చాట్‌లో రాయండి. మా ట్యూటర్లకి కూడా అదే హాయి, రాసిన ప్రశ్నయితే తర్వాత వచ్చి చూసుకునేవాళ్లకి కూడా ఉపయోగపడుతుంది.